అత్త పేరున డోలీ

2003 వానాకాలం. అరకు దారిలోని బొర్రాకు ఎగువన, రోడ్డు చేరని ఒక కొండ ఊరు. మెకానికల్ డిప్లొమా చేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో పల్పర్లు, అంటే కాఫీ పళ్ల తొక్క తీసే యంత్రాలు, బాగుచేసే పనిలో ఉన్నాను. ఆ ఊరి రైతు గాసి ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. అతని భార్య బుద్రికి నెలలు నిండుతున్నాయి. కిందటిసారి నొప్పులప్పుడు డోలీలో దించుతుంటే దారిలోనే బిడ్డ పోయింది. డోలీ అంటే వెదురు బొంగుకు కట్టిన దుప్పటి. అందులో మనిషి నడుం దగ్గర మడత పడిపోతుంది. ఇంతకంటే మంచిది చెయ్యగలరా అని అడిగాడు.

నేను వాళ్ల అరుగు మీద ఇంటివాళ్లనూ ఇరుగుపొరుగునూ కూర్చోబెట్టి బ్రెయిన్‌స్టార్మింగ్ మొదలుపెట్టాను. బాగుందో లేదో తేల్చకుండా ముందు తోచినవన్నీ చెప్పుకోవడమే అది. చార్టు పైన ‘బుద్రి కాన్పుకు డోలీ’ అని రాసి చదివి వినిపించాను. అందరూ చార్టు మీంచి చూపు తిప్పుకున్నారు. బుద్రి లేచి లోపలికి వెళ్లిపోయింది.

గాసి తల్లి సుక్రమ్మ నెమ్మదిగా అంది. “పుట్టకముందు బిడ్డ కోసం ఏటీ సెయ్యకూడదు బాబూ. మాకది కీడు. ఓపాలి పోనాది కదా, మా కోడలు గుంట బెదిరిపోతంది.”

మా ఇంట్లోనూ ముందుగా ఉయ్యాల కొనరు. చార్టు మడిచేశాను.

మళ్లీ సుక్రమ్మే, “నాకు సెయ్యండి. మోకాళ్లు పోనాయి, సంతకెల్లి ఏడాదైనాది,” అంది.

“నిన్ను మొయ్యాలంటే నలుగురు కావాలే అమ్మా,” అన్నాడు గాసి.

“ఆ నలుగురూ ఎప్పుడో మోత్తారు. బతికుండగా మొయ్యండిరా.”

లోపలి నుంచి బుద్రి నవ్వు వినబడింది. అక్కడి నుంచి మాటలు ఆగలేదు. ఒకరు కుర్చీ అన్నారు. నేను రెండు బొంగులన్నాను. బండల సందులో పట్టవని గాసి కొట్టిపారేశాడు. సన్నటి నులకమంచాన్ని ఒకే బొంగుకు వేలాడదీద్దామని ఎవరో అన్నారు. ఊగకుండా తాళ్లు ఏటవాలుగా కడదామన్నాను. అలాంటప్పుడు ఏ ఆలోచన ఎవరిదో తెలియదు. సగం మాట ఒకరిది, మిగతా సగం ఇంకొకరిది. నోటికంటే ముందు చేతులు గాలిలో బొమ్మలు గీస్తాయి. ఒంట్లో సన్నటి వేడి పుడుతుంది.

బుద్రి గడప దగ్గరకొచ్చి నిలబడింది. “అత్త పక్కకి ఒరిగి పడుకోవాల. దిగువకి జారిపోకుండా కాళ్లకి ఏదైనా అడ్డు ఉండాల,” అంది.

“అవును, నాకు కాళ్ల కాడ అడ్డుండాల,” అంది సుక్రమ్మ.

కాళ్ల దగ్గర చెక్క బిగించాం. సుక్రమ్మ అందులోనే సంతకెళ్లి వచ్చింది. తర్వాత వానలో బుద్రిని దించిన రోజు మాత్రం, అవే మోకాళ్లతో పక్కనే నడుస్తూ, “నా డోలీ, జాగర్త,” అని మోసేవాళ్లను దారి పొడుగునా తిట్టింది. రోడ్డు మీద జీపు ఎక్కించాం. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

ఏమీ తోచక మనుషులు ఊరుకోవడం తక్కువ. తోచినది భయం లేకుండా అనడానికి వాళ్లకొక సందు కావాలి. ఆ రోజు సుక్రమ్మ ఆ సందు చూపించింది. నేను తాళ్లు కట్టాను.