ఖాళీ గిర్ని మోత

గొల్లల ఇంట పుట్టి గొర్రెలంటే జడిసేవాడు ఎక్కడైనా ఉంటాడా? మునగాలలో ఒకడు ఉండేవాడు. పేరు గౌరయ్య. చిన్నతనంలో ఏదో పొట్టేలు కుమ్మిందట. అప్పటి నుంచి మందకు ముందు నడవడు, వెనక నడవడు. కాస్త ఎడంగా, అటుగా పోతున్న పరాయి మనిషిలా నడిచేవాడు. గొర్రెలూ అతన్ని పరాయి మనిషి కిందే లెక్కగట్టేవి. తండ్రి చూసి చూసి విసిగిపోయి, "నీకు గొర్రెలిచ్చుడు దండుగ, గొర్రెలకు నిన్నిచ్చుడు ఇంకా దండుగ" అని చేతిలోని కర్ర లాక్కున్నాడు.

కర్ర పోయినందుకు గౌరయ్య ఏమాత్రం బాధపడలేదు. సూర్యాపేటలో ఒక నూనె మిల్లు ముందు నిలబడి, లోపల ఆయిలింజను తిరుగుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. అంత పెద్దది, అంత చప్పుడు చేసేది, అయినా కుమ్మదు. ఆ ఒక్క గుణానికే దాసుడైపోయాడు. తుడిచాడు, నూనె పోశాడు, తిట్లు తిన్నాడు, పని నేర్చాడు. చివరికి మిర్యాలగూడలో బద్రీనాథ్ సేటు బియ్యం గిర్నిలో ఇంజను డ్రైవరై కూర్చున్నాడు.

పెళ్లాం సోమమ్మ మాత్రం కాపురానికి వస్తూ వస్తూ పుట్టింటి మందను తోలుకొచ్చింది. ఊరి చివర దొడ్డి కట్టింది. పగలంతా ఆమె గొర్రెల వెంట, ఇతను ఇంజను పక్కన. ఇతనికి గొప్పలు కూడా కొంచెం ఎక్కువే. "నేను దగ్గితే బజారంత చీకటయితది, ఎరికేనా?" అని టీ కొట్టు దగ్గర కోతలు కోసేవాడు. సోమమ్మ చెవిన పడితే, "దగ్గకయ్య, నీ దగ్గుకు నా గొర్రెపిల్లలు బెదురుతున్నయి" అనేది.

గౌరయ్య కోతల్లో కొంత నిజం లేకపోలేదు. సేటు కుటుంబానిది తాతల నాటి ధాన్యం వ్యాపారం. యుద్ధం ముగిశాక మిలటరీ వాళ్లు వదిలించుకున్న ఇంజనునూ, దానికి బిగించిన డైనమోనూ కొని, మూడు మోటార్లతో గిర్ని పెట్టాడు. పగలు ఆ కరెంటుతో వడ్లు బియ్యమయ్యేవి. పొద్దుగూకాక అదే కరెంటు తీగల మీదుగా బజారుకు వెళ్లి దుకాణాల్లో బల్బులై వెలిగేది. ఆ రెండింటికీ కాపలాదారు గౌరయ్యే.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం చిక్కు మొదలైంది. ఊరికి అవతలి కొసన ఇంకొకరు గిర్ని తెరిచారు. నేరేడుచర్ల నుంచీ త్రిపురారం నుంచీ వచ్చే వడ్ల బండ్లు అటు మళ్లాయి. సేటు గిర్నిలో గింజ కరువైంది. అయితే సేటు ఊరుకునే రకమా? ఆయన బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. సాయంత్రం బండ్లు బజారు దాటే వేళకు మూడు మోటార్లూ ఖాళీగా తిప్పించాడు. వడ్లు లేవు, బియ్యం లేదు, మోత మాత్రం అవతలి గిర్నిని మించిపోయింది.

"సప్పుడున్న కాడికే గిరాకి వొస్తది" అన్నాడు సేటు, గౌరయ్యను దగ్గరకు పిలిచి. "ఖాళీగ తిప్పితే మనకు పోయేదేముంది? నెత్తిన బరువు లేనోనికి అలుపేందిరా? కాని ఈ ముచ్చట బయట పడ్డదనుకో, నా ఇజ్జత్ పోతది, నీ నౌకరీ పోతది."

గౌరయ్య నోటికి తాళం వేసుకున్నాడు. గొప్పలు చెప్పుకునేవాడికి ఒక రహస్యం అప్పగించడమంత పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

కానీ ఆ రోజు నుంచే బజారులో బల్బులు కోడిగుడ్డు సొనలా ఎర్రబడ్డాయి. దర్జీ సూదితో వేలు కుట్టుకున్నాడు. మిఠాయి దుకాణం వాడొక్కడే సంతోషించాడు, ఈగలు కనిపించడం లేదని. ఇక్కడ డైనమో ఒళ్లు కాలిపోతోంది, మాడిన లక్క వాసన కొడుతోంది. వింత ఏమిటంటే ఇంజను మాత్రం హాయిగా ఉంది. పొగ పల్చన, దెబ్బ తేలిక. పని చేసేది అలవకుండా పక్కది జ్వరం తెచ్చుకోవడం గౌరయ్యకు అంతు పట్టలేదు. ఎవరో దొంగతీగ తగిలించుకున్నారని తీర్మానించి, బజారు వెనక ఇళ్లలో దాచిన బల్బుల కోసం వెతికాడు. సైదమ్మ అనే ముసలావిడ మంచం కిందకు దూరినప్పుడు చీపురు దెబ్బలు తిని ఆ పరిశోధన మానుకున్నాడు.

బల్బుల వాళ్లు వచ్చి సేటు మీద అరిచారు. సేటు వచ్చి గౌరయ్య మీద అరిచాడు. "మిషినే ఖరాబు. కోదాడల సినిమా డేరా పెట్టేటాయన కొంటనంటున్నడు, ఇచ్చేస్త. బెజవాడ నుంచి కొత్త సెట్టు తెప్పిస్త. దాన్ని నడిపే మనిషి గూడ దాంతోనే వొస్తడట."

ఇంజను పోతే గౌరయ్యకు మిగిలేది పెళ్లాం మంద. పొద్దున్నే కర్ర పట్టుకుని గొర్రెల వెంట పోవాలి. నిజం చెప్పాలంటే ఆ పూట అతను ఏడ్చాడు కూడా. ఇంజను పక్కన కూర్చుని, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో ఏడ్చాడు.

ఆ సినిమా డేరా ఆయన తరఫున మిషను పరీక్ష చేయడానికి కోదాడ నుంచి నర్సింగరావు అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. మద్రాసులో చదువుకున్నవాడు, మాట మెత్తన. మీటర్లు చూశాడు, డైనమో మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు, వడ్లు పోసే తొట్టిలోకి తొంగి చూశాడు. ఒక్క గింజ లేదు. గౌరయ్య వైపు చూశాడు. గౌరయ్య పైకప్పు దూలాల వైపు చూశాడు.

నర్సింగరావు నవ్వాపుకుని చెప్పాడు. "ఇంజను ఎంత లాగగలదు అన్నది ఒక హద్దు గౌరయ్యా. డైనమో లోపలి రాగి చుట్టలు ఎంత కరెంటు మోయగలవు అన్నది ఇంకో హద్దు. రెండూ వేరు. మోటారు తిరగాలంటే దాని లోపల అయస్కాంతం మేలుకోవాలి కదా. దానికోసం కొంత కరెంటు తీసుకుంటుంది, మళ్లీ వెంటనే తిరిగిచ్చేస్తుంది. ఆ కరెంటు ఏ పనీ చెయ్యదు, ఊరికే వచ్చి పోతుంది. కానీ ఆ రాకపోకలన్నీ డైనమో చుట్టల్లోంచే, అందుకే చుట్టలు కాలిపోయి బల్బులకు చాలినంత అందదు. మొత్తంలో పనికొచ్చేది ఎంత పాలు అన్నదే పవర్ ఫ్యాక్టరు. ఖాళీ మోటార్లకి అది మరీ హీనంగా ఉంటుంది."

"అంటే ఇంజనుకు పని లేదు, డైనమోకు పురసత్ లేదు."

"అంతే."

"గదే మా సేటుకు చెప్పున్రి సారూ, మీ కాళ్లు మొక్కుత."

నర్సింగరావు వెళ్లి చెప్పాడు. మిషను చాలా మంచిదనీ, ఏ లోపమూ లేదనీ, మోటార్లు ఆపి చూడమనీ చెప్పాడు. సేటు అంతా విని గౌరయ్యను పక్కకు లాగాడు. "కొననీకొచ్చినోడే సరుకు మంచిదంటున్నడంటే, నేను మరీ అగ్గువకు అమ్ముతున్నట్టు! ఇంకేందో మతలబున్నది. ఖాళీ మోటారు కరెంటు తింటదంట, నవ్విపోతరు."

ఇక చదువుకున్నవాడి మాటే చెల్లనప్పుడు గౌరయ్య మాట ఎవడు వింటాడు? సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే నర్సింగరావు ఒక కబురు చెప్పాడు. విదేశాల్లో పెద్ద పెద్ద ఊళ్లకు కరెంటు ఇచ్చే ముందు, ఆ ఊరినంతా చిన్న చిన్న తీగచుట్టలతో ఒక బల్ల మీద పరుస్తారట. ఇది డైనమో, ఇది మిల్లు, ఇవి దీపాలు అనుకుని నడిపి, ఎక్కడ ఇరుకవుతుందో ముందే చూసుకుంటారట.

గౌరయ్య లేచి నిలబడ్డాడు. "మనకు బల్ల లేదు సారు. దిడ్డి వాకిలున్నది."

దిడ్డి వాకిలంటే సేటు గోదాముకు వెనక వైపున్న చిన్న తలుపు. మర్నాడు దాంట్లోంచే తవుడు బస్తాలు బండికెక్కించాలి. గౌరయ్య నేరుగా దొడ్డికి వెళ్లి పెళ్లాన్ని గొర్రెలడిగాడు. సోమమ్మ చేతిలో పాలచెంబు పక్కన పెట్టి అతని నుదురు తాకి చూసింది.

"జరమేం లేదు. ఏందయ్య, గొర్రెలా? నువ్వా?"

"నౌకరీ పోతే రోజూ నేనే కాయాలె వీటిని. సూస్తవా మరి?"

"వద్దయ్యో వద్దు, నా మంద ఆగమైతది. ఎన్ని కావాలె?"

మర్నాడు పొద్దువాలుతుండగా మూడు మోటార్లూ మోగుతున్నాయి, బజారులో బల్బులు ఎర్రగా గుడ్డిగా ఉన్నాయి. హమాలీ కొండల్ బస్తాలు మోస్తున్నాడు. గిర్ని మొత్తంలో బలమైన మనిషి అతనే. సేటు, నర్సింగరావు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. అప్పుడు సోమమ్మ సందు మలుపులోంచి మందలో కొన్నిటిని వదిలింది. గోదాములో గౌరయ్య తుమ్మకాయల బుట్ట ఆడించాడు. ఆ చప్పుడుకు గొర్రెలు దిడ్డి వాకిట్లోంచి లోపలికి దూరాయి. అతను బుట్ట మూసేయగానే బయట సోమమ్మ కూత వేసింది. గొర్రెలు బయటికి పరిగెత్తాయి. మళ్లీ బుట్ట, మళ్లీ కూత. కొండల్ తిట్టుకుంటూ వాటి మధ్యలోంచి ఎలాగో బస్తా దాటించాడు. సోమమ్మ ఇంకొన్ని వదిలింది, ఇంకొన్ని వదిలింది. ఇక వాకిలి నిండా గొర్రెల ఉన్నే. కొండల్ వీపున బస్తాతో గడపలో ఇరుక్కుపోయాడు. ఒక పొట్టేలు లోపల గౌరయ్యను రెండు సార్లు కుమ్మింది, అతను బుట్ట మాత్రం వదల్లేదు.

"ఎవరివిర ఈ గొర్రెలు!" సేటు గొంతు చించుకున్నాడు. "మోసేది లేదు, తెచ్చేది లేదు, ఊకె వొస్తున్నయి, ఊకె పోతున్నయి! నా బస్తాలెట్ల పోవాలె?"

గౌరయ్య నడుం పట్టుకుని కిటికీలోంచి మొహం పెట్టాడు. "ఖాళీగనే పోతున్నయి కద సేటు. నెత్తిన బరువు లేదు. దర్వాజకేం కష్టం?"

"బరువు లేకుంటేంది, జాగ నిండుతది కదరా! కొండలుకు బలం లేకనా? జాగ లేక ఆగిండు!"

అన్నాక సేటుకు తన మాటే తనకు వినపడింది. గొర్రెల వైపు చూశాడు, కొండల్ వైపు చూశాడు, మోగుతున్న తన మూడు ఖాళీ మోటార్ల వైపు చూశాడు. నర్సింగరావు ఎందుకైనా మంచిదని జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మోటార్లు బంద్ చెయ్" అన్నాడు సేటు, చాలా చిన్నగా.

మోత ఆగింది. బజారులో బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి. దుకాణాల్లోంచి జనం ఓ అని అరిచారు. మిఠాయి దుకాణం వాడు ఈగల్ని తోలడం మొదలుపెట్టాడు. గౌరయ్య ఉబ్బిపోయి, రొమ్ము విరుచుకుని సేటు ముందు నిలబడ్డాడు.

సేటు మొహంలో మాత్రం సంతోషం లేదు. "నువ్వు చెప్పింది నిజమే. మిషిను మంచిదే. కాని ఇప్పుడు నా గిర్ని సచ్చిపోయిందని ఊరందరికి ఎరికైంది. సప్పుడు లేకుంటే గిరాకి రాదు. గిరాకి లేకుంటే నాకు మిషినెందుకు, నువ్వెందుకు? రేపు మాపటిదాక సూస్త. ఒక్క బండి రాకుంటే మిషిన్ను ఈ సారుతోటే కోదాడ పంపిస్త."

గౌరయ్య వాదన గెలిచి నౌకరీ పోగొట్టుకున్నాడు. ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. సోమమ్మ అతని నడుముకు కాపడం పెట్టింది.

తెల్లారి గిర్ని ముందు చీమ కదల్లేదు. గౌరయ్య ఇంజనును తుడిచిందే తుడుస్తున్నాడు. సేటు లోపల గద్దె మీద కూర్చున్నాడు. ఎండ ముదిరాక ఒక బండి వచ్చి ఆగింది. త్రిపురారం పెద్దయ్య దిగాడు. ముసలి రైతు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, చెప్పులు గేటు బయటే విడిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడు పోయిండు?"

"ఎవరు?"

"సేటు. నిన్న మాపటికే ఊళ్లె మా పిలగాళ్లొచ్చి చెప్పిన్రు, గిర్ని సప్పుడు ఆగిందని. ఎంత కాలమైనా ఆపనోడు ఆపిండంటే ఇగ మనిషి లేడనుకున్న. అవుతలి గిర్నికి పోతున్నోణ్ణి, మొకం సూసి పోదామని ఇటు మలిపిన."

లోపలి నుంచి సేటు వచ్చి గడపలో నిలబడ్డాడు. పెద్దయ్య అదిరిపడి తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు.

"నేను సస్తేనే వొస్తవా పెద్దయ్యా?" అన్నాడు సేటు. "ఇన్నాళ్లు నా గిర్ని మోత నీకు ఇనపడలేదా?"

"ఎందుకినపడదు సేటూ! వడ్లున్న గిర్ని మోత ఒకటి, ఖాళీ గిర్ని మోత ఒకటి. ఈ సుట్టుపక్కల తెల్వనోడెవడు? మూడు మిషిన్లు ఊకెనే తిప్పేటంత ఉన్నోనికి మా నాలుగు బస్తాలెందుకు, మమ్మల్ని లెక్కజెయ్యడేమో అని మేమే ఎడంగ పోయినం."

గౌరయ్య ఇంజను తుడిచే గుడ్డ పట్టుకుని సేటు వైపే చూస్తున్నాడు. సేటు మెట్లు దిగి, బండి దగ్గరికి వెళ్లి, బస్తా మీద చెయ్యి వేశాడు.

"బతికే ఉన్న" అన్నాడు. "బస్తాలు దించు."

గౌరయ్య నడుం నొప్పి మరిచి స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు. ఒక్క మోటారే వెయ్యరా, ఒక్కటే చాలు అని సేటు వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.