నాలుగో అంతస్తు పైన

పూర్ణా మార్కెట్లో ఆటవస్తువుల దుకాణాల ముందు వలసంచుల్లో రబ్బరు బంతులు వేలాడుతుంటాయి. కొత్త బంతికి ఒక వాసన ఉంటుంది, పౌడరూ పచ్చి రబ్బరూ కలిసినట్టు. మొన్న కొబ్బరికాయల కోసం వెళ్ళినప్పుడు ఆ వాసన తగిలి, నడక మరిచి రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "ఏటి బావా, రోడ్డు కొనీసావేటి?" అన్నాడు. మామూలుగా అయితే అలాంటివాడికి ఓ కథ చెప్పి, వాడి చేతే టీ ఇప్పించుకుంటాను. ఆ రోజు పక్కకి తప్పుకున్నాను. అప్పలసూరి మాస్టారు గుర్తొస్తే నాకు కథలు రావు.

నా కథల సంగతి ముందే చెప్పేయాలి. నేను అపార్ట్‌మెంట్లు కట్టే చోట సైట్ సూపర్‌వైజర్ని. మా నాన్న స్టీలుప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి ఇక్కడికొచ్చాడు. ఆయన నోరొక్కటే నాకు ఆస్తిగా దక్కింది. పదో అంతస్తు మీద ఆరేసిన నా లుంగీ తుఫాను గాలికి ఎగిరి హార్బర్లో ఓడ ఎక్కిందనీ, మూడు నెలల తర్వాత ఆ ఓడవాళ్ళే ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చారనీ చెబితే మేస్త్రీలు తాపీలు పక్కన పెట్టి వినేవారు. అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ పోదనీ, పైగా మనుషులు సంతోషపడతారనీ నా నమ్మకం.

తొమ్మిదేళ్ళ క్రితం దువ్వాడలో పన్నెండంతస్తుల మేడ కడుతున్నప్పుడు ఒక పెద్దాయన గేటు దగ్గరికి వచ్చారు. చేతిసంచిలో బంతి, గళ్ళ పుస్తకం, పెన్ను. పేరు అప్పలసూరి, పక్కవీధిలోనే ఇల్లు. వన్ టౌన్లో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో జీవితమంతా అటెండరుగా చేసి రిటైరయ్యారు.

"బాబూ, ఆదివారం మీ మేడ ఖాళీయే కదా. ఒక్కో అంతస్తు మీంచి ఈ బంతి వదుల్తాను. కిందపడి ఎంత ఎత్తు లెగుస్తాదో ఎవులైనా సూసి సెప్పాల," అన్నారు.

"ఎందుకండీ మాస్టారూ?"

"మాస్టార్ని కాదయ్యా, అటెండర్ని. లోలకాలు నానే ఏలాడదీసాను, కటకాలు నానే తుడిసాను. సదివినోళ్ళు ప్రయోగాలు సేసుకున్నారు. నాదని ఒకటి ఉండాల కదేటి?"

నాకు ముచ్చటేసింది. మేడ వెనక కిటికీలు లేని గోడ మీద అడుగు ఎత్తుకి ఒకటి చొప్పున ఎర్ర రంగుతో గీతలు గీయించాను. ఆయన మెట్లెక్కి పైనుంచి వదలాలి, నేను కింద నిలబడి ఏ గీత దాకా లేచిందో అరవాలి. పైనుంచి చూసేవాడికి ఆ ఎత్తు తెలియదు. పైగా ఆయన కంట్లో పొర. మొదటి రోజే అడిగాను: "ఎంత లేవాలండీ?"

"అది సెప్పను. సూసేవోడికి ముందే సెప్పకూడదు. సెప్తే నీ కన్ను అదే సూస్తాది."

ల్యాబులో అది ఆయనకి మడి లాంటిది.

ఆ ఆదివారాలు భలే ఉండేవి. ఒకసారి బంతి ఇసుకగుట్టలో పడి అసలు లేవనే లేదు. ఒకసారి కంకరరాయి మీద పడి పక్కకి తిరిగి, ఎదురింటావిడ ఎండబెట్టిన వడియాల మధ్యకి వెళ్ళింది. ఆవిడ తిట్లకి మాస్టారు పైనుంచే దణ్ణం పెట్టారు. మొదటి అంతస్తుకి ఐదడుగులు లేచింది. రెండోదానికి తొమ్మిదిన్నర, మూడోదానికి పద్నాలుగు. అంతస్తుకి పదడుగులు కాబట్టి, వదిలిన ఎత్తులో సగం లేవాలి కాబోలని నాకు నేనే కనిపెట్టేశాను. నాలుగోదానికి ఇరవై రావాలి. పదహారే లేచింది.

"ఎంతా?"

"పదహారండీ!"

పైనుంచి సన్నగా వినిపించింది: "సరిగ్గా సూసావా?" కిందికి దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ ఎక్కి, మరో రెండుసార్లు వదిలారు. పదహారే. ఆయన మొహం ఒకలా అయిపోయింది. పుస్తకంలో ఆ అంకె రెండుసార్లు దిద్ది రాసుకున్నారు. ముసలాయన ముచ్చట పాడైపోతోందని నాకు జాలేసింది.

మరుసటి ఆదివారం ఐదో అంతస్తు. బంతి ఎక్కడి దాకా లేచిందో నా కళ్ళారా చూశాను. చూసి, "ఇరవై ఐదండీ!" అని అరిచాను. నాలుగోది మళ్ళీ చూద్దామన్నారు. "ఇరవై! ఆవేళ నాకు ఎండ కొట్టిందండీ," అన్నాను. ఆయన పదహారు కొట్టేసి ఇరవై రాసుకున్నారు. ఆయనకి ఊరట అనుకున్నాను. అక్కణ్ణించి పన్నెండో అంతస్తు దాకా సగం లెక్క తప్పకుండా అరుస్తూ పోయాను. బంతి మాత్రం ఎంత పైనుంచి వదిలినా ఇంచుమించు అంతే లేచేది.

లెక్క పూర్తయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, సాక్షిగా నన్ను తీసుకుని, పాత కాలేజీకి వెళ్ళారు. ఒకప్పుడు ఆయన దగ్గరే ల్యాబు సామాను అందుకుని చదువుకున్న ఒకాయన ఇప్పుడక్కడ లెక్చరరు. పుస్తకం తిరగేసి, చుట్టూ ఉన్న విద్యార్థుల వంక చూసి, "సూరిగారూ, దువ్వాడలో గాలి ఆడదాండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఎత్తు పెరిగేకొద్దీ గాలి బంతిని పట్టి ఆపుతుంది. కొంత దూరం పడ్డాక వేగం పెద్దగా పెరగదు, లేవడమూ పెరగదు. ఇంట్లో కూర్చుని రాసిన కాకిలెక్కలండీ ఇవి."

మాస్టారు నా వైపు ఒక్కసారి చూశారు. తర్వాత లెక్చరరుతో, "నా కంట్లో పొర ఉంది బాబూ. తప్పు నాదే," అని పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.

బస్సులో గాజువాక దాటాక నోరు విప్పారు.

"సత్తిబాబూ, నాలుగోదానికి ముందు పదహారన్నావు కదా. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు, సంబరంతో. గాలిని పట్టుకున్నాననుకున్నాను. నాను ఎతుకుతన్నదే ఆ తగ్గుదల. మళ్ళా ఇరవై అన్నావు. సూసినోడి మాట కాదనకూడదని నా అనుమానాన్నే కొట్టీసాను." బతిమాలుతున్నట్టు అడిగారు: "పైయన్నీ నిజంగా ఎంతెంత లెగిసాయి?"

అప్పటికి ప్రతి గీతా నా కళ్ళముందు తాజాగా ఉంది. చెప్పేస్తే అక్కడే, బస్సులోనే రాసుకునేవారు.

"చెప్పినంతే లేచాయండీ," అన్నాను.

"సర్లే బాబూ," అని కిటికీ వైపు తిరిగారు.

ఆ తర్వాత ఆయన సైటుకి రాలేదు. రెండేళ్ళకి పోయారు. పదో రోజున వాళ్ళావిడ పుస్తకం నా చేతిలో పెట్టి, "నీకిమ్మన్నారు నాయనా," అంది. నాలుగో అంతస్తు దగ్గర పదహారు మళ్ళీ రాసి ఉంది. ఐదు నుంచి పన్నెండు దాకా నా అంకెల మీద ఒక్కొక్క గీత, కింద అంకె కనబడేలా. పక్కన ఎనిమిది ఖాళీ గళ్ళు.

ఇప్పుడు సైట్లో కొలత ఎవరు చెప్పినా టేపు నేనే పట్టుకుంటాను. మేస్త్రీలు చాదస్తం అంటారు. ఆయన నాకు నేర్పింది అది. కానీ నేర్చుకునే వేళకి ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఎందుకంటే ఆయన బతికుండగానే, సిగ్గు లేకుండా, ఈ బంతి సంగతి కూడా కథ చేసి అమ్ముకున్నాను. ఒకరికి ఐదో అంతస్తుకి పదిహేడన్నాను, ఒకరికి ఇరవై రెండన్నాను, మరొకరికి బంతి తిరిగి కిందికే రాలేదన్నాను. ఎన్నోసార్లు ఆ గళ్ళ ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇంకో బంతి కొని ఇంకో మేడ ఎక్కితే అంకెలు రాకపోవు. అవి ఆయనవి కావు. ఆయన మోకాళ్ళు పట్టుకుని పన్నెండంతస్తులు ఎక్కి వదిలిన బంతి ఎంత లేచిందో చూసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. నాకు గుర్తు లేదు.