పందికి సలాం కొట్టిన కాక

నా చిన్నప్పుడు ప్రతి ఆదివారం మా ఇంటి అరుగు మీద చచ్చిన పందులు లేచి పరిగెత్తేవి, అరచేయంత చేపలు మనిషంత పెరిగేవి. మా ఊరు ఎల్లారెడ్డి నుంచి మంజీర వైపు పోయే దారిలో ఉంది. వేట మీద మనసున్నవాళ్లు, గాలం మీద మనసున్నవాళ్లు పొలం పనులు చూసుకుని మా తాతయ్య దగ్గర చేరేవారు. ఏ చెరుకు మడిలో పంది దిగింది, నిజాంసాగర్ వెనక నీళ్లలో ఎవరి గాలాన్ని వాలుగ చేప తెంపుకుపోయింది, ఎర్రలకు పడని కొర్రమట్ట కప్పపిల్లకు ఎలా పడింది, అన్నీ అక్కడే తేలేవి. నేను తాతయ్య పక్కన, ఆయన పంచె అంచు పట్టుకుని కూర్చునేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆడపిల్లకు ఆ మాటలెందుకని అమ్మ లోపలినుంచి ఎన్నిసార్లు పిలిచినా తాతయ్య నన్ను పోనిచ్చేవాడు కాదు.

అందరిలోకీ ఎక్కువ చెప్పేది మా అమ్మ తమ్ముడు. పిట్లం నుంచి బస్సుకు వచ్చేవాడు కాబట్టి మాకు పిట్లం మామ. ఆయన చెప్పే చేప ఒక్కో ఆదివారానికి ఒక్కో జానెడు పెరిగేది. తాతయ్యకు అది తెలుసు. తెలిసీ నవ్వుతూ వినేవాడు. నేను మాత్రం ప్రతి మాటా నమ్మేదాన్ని.

అరుగు మీద కాకుండా కింది మెట్టు మీద ఒకాయన కూర్చునేవాడు. ఊరి చివర చర్చి పక్క ఇల్లు ఆయనది. మా చెరుకు తోటలో పనిచేసేవాడు. గురి తప్పనివాడని ఊరంతా గురి కాక అని పిలిచేది. తాతయ్యకు లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకి ఒకటి ఉండేది. దాన్ని తాతయ్య తన కొడుకులు, మా నాన్న బాబాయిల చేతికి కూడా ఇచ్చేవాడు కాదు, గురి కాకకు ఇచ్చేవాడు. కాక మట్టి మీద అడుగు చూసి పంది ఎప్పుడు దాటిందో చెప్పగలడు. కానీ చెప్పమని అడిగితేనే చెప్పేవాడు. మిగతా సేపంతా మోకాళ్లు పట్టుకుని వింటూ ఉండేవాడు.

ఆ ఏడు పందులు చెరుకును బాగా పాడుచేశాయి. ఒక ఆదివారం పొద్దున్నే తోటను ఒక పక్కనుంచి డబ్బాలు కొడుతూ తరమాలని, కాక తుపాకితో అవతలి గట్టు మీద నిలబడాలని అనుకున్నారు. అంతకు ముందు వారమే పిట్లం మామ ఒక ముచ్చట చెప్పాడు. పంది పడుకునే చోట దాని రాలిన కోర ఒకటి ఉంటుందట. దాన్ని మెడలో కట్టుకుంటే జన్మలో భయమన్నది ఉండదట. నాకు అప్పట్లో బడిలో లెక్కల సారంటే భయం, బావిలోకి తొంగిచూడాలంటే భయం, బర్రెను దాటిపోవాలన్నా భయం. వారమంతా ఆ కోరే కళ్లలో మెదిలింది. పెద్దవాళ్లు తోటకు చేరేలోపే దాన్ని తెచ్చుకోవచ్చని, అమ్మ కుడితి కలుపుతున్నప్పుడు వెనక దర్వాజలోంచి జారుకున్నాను.

చెరుకు లోపల దారి ఉండదు. ఆకులు చేతుల్నీ కాళ్లనీ గీరేశాయి. ఎటు తిరిగినా ఒకే రకం గడలు. ఎంతసేపు తిరిగానో తెలియదు. ఉన్నట్టుండి నా వెనక డబ్బాలు మోగాయి. అంతమంది మగవాళ్ల కేకలు అంత దగ్గరగా వినపడ్డాయి. వెలుతురు కనిపించిన వైపు పడుతూ లేస్తూ పరుగెత్తాను. గట్టు మీదినుంచి "అగో, కదులుతుంది! కొట్టు! కొట్టు!" అన్న అరుపు వినపడింది. చివరి సాలులో కాలికి ఆకు చుట్టుకుని మోకాళ్ల మీద పడ్డాను. దగ్గర్లోనే గడ విరిగినట్టు చిన్న చప్పుడైంది. తలెత్తితే ఆకుల మధ్యనుంచి తుపాకి గొట్టం నా ముఖానికి ఎదురుగా ఉంది. దాని వెనక కాక కన్ను.

ఆ కన్ను నన్ను చూసింది. గొట్టం మెల్లగా పైకి, ఆకాశం వైపు పోయింది. కాక ముఖంలో నెత్తురుచుక్క లేదు. సరిగ్గా అప్పుడే కాస్త దూరంలో అసలు పంది బయటపడి గట్టెక్కింది. కాక ముందునుంచే పోయింది. ఆయన కొట్టలేదు. అది తిరగబడి, అడ్డం పోయిన ఒక జీతగాడి పిక్కను చీల్చి కాలువలోకి దిగిపోయింది. అందరూ అటు ఉరికారు. కాక మాత్రం నాకు వీపు తిప్పి నిలబడి, చేతిని వెనక్కి పెట్టి, కూర్చో అన్నట్టు కిందికి ఊపాడు. వాళ్లంతా దూరమయ్యాక కాలువ వెంట ఇంటికి చేరాను. ఒంటి మీది గీతలు ఏమిటని అమ్మ అడిగితే, గడ్డివాము దగ్గర ఆడుకున్నానని చెప్పాను.

ఆ జీతగాడిని ఎడ్లబండి మీద ఎల్లారెడ్డికి తీసుకుపోయారు. బతికాడు కానీ చాలా వారాలు మంచం దిగలేదు. కాక కొట్టి ఉంటే అతని కాలు బాగుండేదని ఊరంతా అన్నది. మరుసటి ఆదివారం పిట్లం మామ అరుగు మీద లేచి నిలబడి, పంది పోతుంటే కాక ఎట్లా నిలబడ్డాడో చేసి చూపించాడు. తుపాకిని పైకెత్తి, తల వంచి, "సలామలేకుం పందిగారూ" అన్నాడు. అరుగంతా నవ్వింది. ఆ రోజునుంచి కాక పేరు పోయి 'పందికి సలాం కొట్టినోడు' మిగిలింది. వాడకట్టులో పిల్లలు కూడా ఆయన ఎదురైతే నుదుటికి చెయ్యి పెట్టి సలాం కొట్టేవాళ్లు. తాతయ్య తుపాకిని పిట్లం మామ చేతికిచ్చాడు.

నాకు ఇంట్లో ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. కాక నాకోసమే మాటలు పడుతున్నాడని, నేను నోరు విప్పితే చాలని తెలుసు. విప్పితే అమ్మ చేతిలో ఏమవుతానో కూడా తెలుసు. నాకు దిష్టి తగిలిందని అమ్మ మిరపకాయలు తిప్పింది. ఒకరోజు బడినుంచి వస్తుంటే కాక ఎదురుపడ్డాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆయనే ముందు "కాళ్ల గీతలు మానినయా బిడ్డా" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పోయాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. ఆ రోజంతా ఇంటికీ బావికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఇలా నాలుగైదు ఆదివారాలు గడిచాయి. మళ్లీ తోటను తరమాలన్న మాట వచ్చింది. ఈసారి గట్టు మీద పిట్లం మామ. తుపాకిని ఒళ్లో పెట్టుకుని ఆయన ఉత్సాహంగా చెబుతున్నాడు.

"గీసారి నేను సలాములు గిలాములు కొట్ట. పంది మొకం చూసేదాక ఎవడు ఆగుతడు? ఆకు కదిలిందా, కొట్టుడే."

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. లేచి నిలబడి ఉన్నాను.

"ఆ దినం ఆకు కదిలిచ్చింది నేనే మామా. చెరుకుల నేనున్న. కోర కోసం పోయిన."

అమ్మ దర్వాజ దగ్గరికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏ కోర బిడ్డా?" అని తాతయ్య అడిగాడు. నేను పిట్లం మామ చెప్పిన ముచ్చట చెప్పాను. మామ ముఖం చూడలేకపోయాను. కాక నన్ను చూసి తుపాకి ఎత్తేశాడని, అందుకే కొట్టలేదని, ఏడుస్తూ అంతా చెప్పాను.

తాతయ్య లేచాడు. మామ ఒళ్లోంచి తుపాకి తీసుకుని మెట్లు దిగి, ఎప్పటిలా కింది మెట్టు మీద కూర్చుని ఉన్న కాక ముందు నిలబడి దాన్ని రెండు చేతులతో చాపాడు. అరుగు మీద ఎవరో "నువ్వు దేవునివిరా" అన్నారు. మెట్టు మీద కూర్చున్న మనిషికి మా తాతయ్య అలా చేతులు చాపడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ ఒక్క క్షణంలో కాక ఊరికి పెద్దవాడైపోయాడు. ఆయన ఊరికే తుపాకి అందుకుంటే చాలు.

కాక అందుకోలేదు. లేచి నిలబడ్డాడు.

"వద్దు పటేలా. బిడ్డ చూసింది సగమే. నేను చూసి ఆగలే. ఆకు కదిలింది, కొట్టు అన్నరు, నొక్కిన. తూటా పేలలే. అటెన్క కనపడ్డది బిడ్డ."

మొలలోంచి ఒక తూటా తీసి అరుగు అంచున పెట్టాడు. దాని అడుగున తుపాకి సూది కొట్టినచోట చిన్న సొట్ట ఉంది. ఆ రోజు నేనొక చిన్న చప్పుడు విన్న మాట నిజమే. గడ విరిగిందనుకున్నాను.

"పేలలేదని ఆ దినమే చెప్తే, ఏడికి కొట్టినవ్ అని అడుగుతరు. అబద్ధం చెప్పబుద్ధి కాలే. నిజం చెప్పనీకె ధైర్యం లేకుండె. నవ్వితే నవ్వనీ అనుకున్న. గంతే."

అమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను గట్టిగా హత్తుకుంది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. తన మనవరాలి మీద తుపాకి నొక్కానని తన తోటలో పనివాడు తన ముందు నిలబడి చెబుతుంటే తాతయ్య ఏం చేస్తాడోనని అందరూ ఆయన్నే చూస్తున్నారు. కాక కూడా తల వంచుకుని, దేనికైనా సిద్ధమైనట్టు నిలబడ్డాడు.

తాతయ్య ఆ తూటాను చేతిలోకి తీసుకుని చూశాడు. తరువాత తుపాకిని గోడకు ఆనించి వచ్చి, కాక కూర్చునే మెట్టు మీద కూర్చున్నాడు.

"కొట్టు అన్నది నేను గదరా" అన్నాడు. ఆ మాట కాకతో అన్నాడో తనతో తానే అనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. "కూసో" అని పక్కన చోటు చూపించాడు.

ఆ వారంలోనే తాతయ్య ఎల్లారెడ్డి ఠాణాలో తుపాకి అప్పగించి వచ్చాడు. ఆదివారాలు ఆగలేదు, గాలం ముచ్చట్లే మిగిలాయి. పిట్లం మామ కొన్నాళ్లు రాలేదు. వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పందులకు కోరలు రాలవని, తానెప్పుడూ పంది పడుకునే చోటు చూడనే లేదని చెప్పాడు. కాక, ఆ కాలు చీలిన జీతగాడి ఇంటికి పోయి అతనికీ ఆ సంగతి తానే చెప్పుకున్నాడట. ఆ ఇంట్లో ఏమేం మాటలయ్యాయో మాకు తెలియదు. అతని కాలు నయమయ్యేదాకా అతని వంతు వచ్చినప్పుడల్లా పొలానికి నీళ్లు కాకే కట్టాడు.

నేను పెద్దయ్యాక కామారెడ్డి వైపు బళ్లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. రిటైరైన రోజు సభలో, ఒకప్పటి నా విద్యార్థిని, ఇప్పుడు నర్సు, మైకు పట్టుకుని తాను చదువు మానకుండా ఆపింది నేనేనని చెప్పి ఏడ్చింది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ పిల్లకు చదువు రాదు, పెళ్లి చేయండని మొదట వాళ్ల బాపుతో అన్నది నేనే. ఆమె ఏడాదిపాటు పట్టుబట్టి మళ్లీ బడికి వచ్చాకే నాకు కళ్లు తెరుచుకున్నాయి. లేచి మైకు తీసుకున్నాను. మెట్టు మీద లేచి నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. "అమ్మాయి చెప్పింది సగమే" అని మొదలుపెట్టి, మిగతా సగం అందరి ముందూ చెప్పాను.