కల్లంలో మా ఆయన నన్ను గుర్తుపట్టని మధ్యాహ్నం

"మీరు ఎవరి తాలూకమ్మా? కాయలేరడానికొచ్చారా?"

నా చేతిలోని నీళ్ళ సీసా అందుకుంటూ మా ఆయన ఇలా అడిగాడు. మిర్చి కల్లంలో, మధ్యాహ్నం మూడు గంటలకు. మా పెళ్ళయి ఎనిమిదేళ్ళు.

ఇది జరిగి నాలుగు రోజులే అయింది. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను.

నేను బీఎస్సీ చదివాను. గాలి సోకిందని ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే రకం. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది దర్శి దగ్గర పల్లె. మా ఆయన పదేళ్ళుగా రోజూ తాగేవాడు. ఆ వారం ఆదివారం ఆరాధనలో సంఘం ముందు నిలబడి, బైబిలు మీద చెయ్యి వేసి మానేస్తానన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మందు షాపుకు దూరంగా ఉంటాడని ఆ సాయంత్రమే కల్లం కాపలాకు పంపాం. మా ఊళ్ళో తాగుడు మాన్పించే పద్ధతి ఇదే. డాక్టరును అడగాలని ఎవరికీ తోచలేదు. చదువుకున్న నాకూ తోచలేదు.

రెండో రోజు చేతులు వణికాయి. మూడో రోజు పొద్దున మా పాప పేరు గుర్తురాక తడుముకున్నాడు.

"ఏందన్నా, మందు దిగేసరికి బుర్ర కూడా దిగిందా?" అని మా మరిది నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ మధ్యాహ్నమే నన్ను ఎవరని అడిగాడు. "నేనండీ, సునీతను," అన్నాను. పరాయి ఆడమనిషికి ఊపినట్టు మర్యాదగా తల ఊపాడు. తర్వాత ఎదురుగా ఉన్న బస్తాల వరస వైపు చూశాడు.

"ఆ ముసలామె పిల్లకి ఇందాకట్నుంచీ విసనకర్రతో విసురుతానే ఉంది. చెయ్యి నొప్పెడతది పాపం. పిల్లని ఎత్తుకోండమ్మా ఎవరన్నా."

అక్కడ ఎవరూ లేరు. మా మరిది బస్తాలు ఎత్తడానికి ట్రాక్టరును రివర్సులో తెస్తున్నాడు, అంతే. "ఎవరూ లేరండీ, పడుకోండి," అని భుజం పట్టుకున్నాను.

విదిలించుకుని పరిగెత్తాడు! నిలబడితే తూలే మనిషి, చెప్పుల్లేకుండా, ఎండుకాయల మీద నుంచి. బస్తాల అవతల పోగుపడి ఉన్న, కాయలు కప్పే పాత ప్లాస్టిక్ పట్టా లాగేశాడు. దాని కింద మా మూడేళ్ళ పాప! ఆదమరిచి నిద్రపోతోంది.

నా కేకకు మా మరిది బ్రేకు వేశాడు. ట్రాక్టర్ వెనక ట్రక్కు చక్రానికీ పాపకూ మధ్య రెండు జానలు కూడా లేవు.

పాపను నేను ఇంట్లో మా అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. నా వెనకే ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మా ఆయన కూర్చున్న చోట నేను తర్వాత కూర్చుని చూశాను. బస్తాలు అడ్డం. పట్టా కనపడదు.

ఇంకొకటి. ఆ ఎండలో, ఆ ప్లాస్టిక్ పట్టా కింద పడుకున్న పిల్ల ఒంటి మీద చెమట చుక్క లేదు. మెడ కింద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఆ సాయంత్రమే మా ఆయనను ఒంగోలు తీసుకెళ్ళాం. డాక్టరుగారు కేకలేశారు. "ఇన్నేళ్ళు తాగి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుందమ్మా. లేని మనుషులు కనిపిస్తారు. ముందే తీసుకురావద్దూ?" విటమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్ఞాపకశక్తి ఎంత వెనక్కి వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ముసలామె సంగతికి డాక్టరుగారి దగ్గర జవాబు ఉంది. పట్టా కింద పాప ఉందని ఎలా తెలిసిందని అడిగితే, "అది నాకూ తెలీదమ్మా," అన్నారు. మా ఆయనకైతే పరిగెత్తిన సంగతే గుర్తు లేదు. నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

ఆ రాత్రి మా అత్తగారిని ఆసుపత్రిలో ఆయన దగ్గర ఉంచి, నేను పిల్లల కోసం ఇంటికి వచ్చాను. తెల్లారి ఏడేళ్ళ మా బాబు అడిగాడు: "నాన్న మమ్మల్ని మర్చిపోయాడంట కదమ్మా?"

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "నాన్నకి ఒంట్లో బాగాలేదు. మర్చిపోతే మీరే ముందు మీ పేర్లు చెప్పండి. పదిసార్లు అడిగితే పదిసార్లూ చెప్పండి. నవ్వొద్దు, ఏడవొద్దు. మీ పేర్లు తెలియనప్పుడు కూడా నాన్న మీకోసం పరిగెత్తాడు."