గంజి పాటకు చరణాలు

మా నాన్న మంచివాడని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నాకూ మోకాళ్లు పట్టేశాయి, అయినా ఆ మంట ఆరలేదు. నిజం చెప్పాలంటే, ఆరిపోతుందేమోనని నేనే ఎగదోస్తూ వచ్చాను.

మలేషియాలో సుంగై సుమున్ దగ్గర మా కొబ్బరి ఎస్టేటులో ఒక పాటగాడు ఉండేవాడు. ఊరందరికీ ఆయన మావే. పిల్లలకూ మావే, ముసలాళ్లకూ మావే. ఆయన పోయిన రోజున పాత ఎస్టేటు వాళ్లం ఏటా ఒకచోట చేరతాం. నేను కౌలాలంపూర్ నుంచి బస్సులో వెళతాను. హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవల పనికి కుదిరినవాళ్లు మోటారు సైకిళ్ల మీద వస్తారు. టీ తాగుతూ మావ మెడకు కట్టుకునే రుమాలు ఎర్రదని ఒకరూ, కాదు పచ్చదని ఒకరూ కొట్టుకు చస్తారు. పచ్చదే. నేను చూశాను.

మావ పని కొబ్బరికాయలు ఒలవడం. నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి, రెండు మెలికలు తిప్పి, పీచు ఊడదీసి, కాయను పక్కకు విసిరేవాడు. ఆ విసురుకూ మళ్లీ గుచ్చడానికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, ఆయన పాటలో దెబ్బ అక్కడ పడేది. మలాయ్ వాళ్ల పెళ్లిళ్లలో రొంగ్గెంగ్ ఆటకు వాయించే డప్పు విని వచ్చి, దాన్ని మన కోలాటం పాటలో కలిపేశాడు. మామూలు భజనలో తాళం ఎక్కడ పడుతుందో మన చేతికి ముందే తెలుసు. మావ పాటలో చెయ్యి గాలిలోనే ఆగిపోతుంది, ఈలోగా కాలు కదిలిపోతుంది. నడుం నొప్పని మూలిగే ముసలమ్మలు కూడా కూర్చున్న చోటే ఊగేవారు.

ఆయన పక్కన హార్మోనియం వాయించేది మా నాన్న. నాన్న ఎస్టేటు కిరాణి, అంటే గుమాస్తా. ఆఫీసులో లెక్కలు రాసేవాడు, దొరతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు, ఆదివారం భజనకు పెద్ద. మావ రాకముందు ఎస్టేటులో పాటంటే నాన్న పాటే. ఒక శ్రీరామనవమికి నాన్న రెండో కీర్తన ఎత్తుకున్నాడో లేదో, వెనక నుంచి ఎవడో అరిచాడు. "కిరాణీ బాబూ, తవరు కూకోండి, మావని పాడనియ్యండి!" అందరూ ఘొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆయన చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే పాపం. ఇంట్లో స్నానం చేస్తూ నాన్న పాడుకునేది మావ పాటలే. ఒక్క చరణం తప్పేవాడు కాదు. మావకు చదువు రాదు, ఏదీ రాసిపెట్టింది లేదు. మా అందరికీ వచ్చింది వంత ఒక్కటే. ఆయన చరణం పాడుతుంటే కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వడం, ఆయన ఆపగానే వంత అందుకోవడం, అదే మా పని. చరణాలన్నీ ఉన్నది రెండే బుర్రల్లో. ఒకటి మావది, రెండోది నాన్నది. మావకు అంతటి అభిమాని మా ఎస్టేటులో ఇంకొకడు లేడు, ఆ ముక్క ఒప్పుకుంటాను.

అప్పుడు మలయాలో ఎమర్జెన్సీ నడుస్తోంది, తెల్ల సర్కారుకూ అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకూ పోరు. మా కూలీల లైను ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలో ఉన్నవాళ్లకు తిండి అందుతుందని, పనికి వెళ్లేవాళ్లు మెతుకు కూడా గేటు దాటించకూడదన్నారు. పొద్దున్నే ఆడా మగా వరసగా నిలబడితే గిన్నెలు మూతలు తీసి చూసేవారు, చీర కొంగులు దులిపించేవారు. మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా ఖాళీ కడుపుతోనే పని. మావ ఆ వరసలో నిలబడే గంజి పాట కట్టాడు.

"గేటు కాడ గంజి గిన్నె మూత తీసినారు,
మూత తీసి నా ఆకలెంతో కొలిసి సూసినారు."

మేమంతా అందుకునేవాళ్లం, "కొలిసి సూసినారు, మావా, కొలిసి సూసినారు!" అని. తొమ్మిది చరణాలు ఉండేవి దానికి. తిట్టు ఒక్కటి కూడా లేదు. గేటు దగ్గర మాకు జరిగే భాగోతాన్నే మాకు చూపించి నవ్వించేవాడు.

ఒక శనివారం సాయంత్రం దొర తనతో ఒక తెల్ల పోలీసు ఆఫీసరును తీసుకొచ్చాడు. పాడాంగులో, అంటే మేము ఆడుకునే మైదానంలో, కుర్చీలు వేశారు. నాకు పదహారేళ్లు. టౌనులో ఇంగ్లీషు బడికి వెళ్తున్నానని దొరలకు టీ ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. మావ గంజి పాట పాడాడు, జనం పడీపడీ నవ్వారు. పాట అయ్యాక ఆఫీసరు నాన్నను పిలిచి, ఏమిటంత నవ్వు, ఆ చివరి ముక్కకు అర్థమేమిటి అని అడిగాడు. ఆ చివరి ముక్క ఇది.

"బియ్యపు గింజను ఆపినారు ముళ్లకంచె కాడ,
ఆకలొచ్చి దూకిపోతే ఆపేవోడు ఏడ?"

నాన్న చేతులు కట్టుకుని, "హీ సేస్ నోబడీ కెన్ స్టాప్ ది రైస్, సర్" అన్నాడు. బియ్యాన్ని ఎవడూ ఆపలేడంటున్నాడు, అని. మావ అన్నది ఆకలిని. నాన్న చెప్పింది బియ్యాన్ని. అక్కడ ఆ రెండు భాషలూ వచ్చినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. దేవుడి పాటండీ అని చెప్పినా ఆ దొరకు ఏం తెలిసేది కాదు! నాన్న నా వైపు చూడనే లేదు.

నాలుగో రోజు పొద్దున్నే లారీ వచ్చి మావను ఎక్కించుకుపోయింది. కోర్టు లేదు, విచారణ లేదు. కంచె లోపల ఉన్నవాడు అడవికి బియ్యం పంపమని పాడుతున్నాడట!

నేను అమ్మకు చెప్పాను. అమ్మ నా నోటి మీద చెయ్యి వేసి నొక్కేసింది. "నోరు ముయ్యే. మీ నాన ఉజ్జోగం పోతే మనం ఏ గంగలో దూకాల?" అంది. మూశాను. నా వంతు తప్పు అది. ఎవరో కాపలావాడు మావ మీద చాడీ చెప్పాడని జనం అనుకుంటుంటే, నోట్లో నాలుక లేనట్టు విని ఊరుకున్నాను.

రెండేళ్ల తర్వాత మావను వదిలారు. ఎముకల గూడు తిరిగొచ్చింది. రెండు మాటలు మాట్లాడితే నాలుగు దగ్గులు. పాట అన్నది ఇంక లేదు. నాన్న వారం వారం కోడిగుడ్లు, డబ్బా పాలు పట్టుకెళ్లి ఆయన మంచం పక్కన కూర్చునేవాడు. "కిరాణీ బాబు దేవుడమ్మా" అని మావ నాతోనే అన్నాడు. మెర్డేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, ఇంకో ఐదారు నెలలు ఉందనగా మావ పోయాడు.

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. పదో రోజున నాన్న లేచి నిలబడి, మావ గొంతు ఈ ఎస్టేటుకు దేవుడిచ్చిన వరమన్నాడు, తన తోడబుట్టినవాడన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. "మెర్డేకా రోజున గంజి పాట నేనే పాడతాను. ఆడి పాటని నేను నిలబెడతాను" అన్నాడు. జనం తలలూపారు. మావను మింగినవాడే ఆయన స్థానంలో కూర్చుంటాడట! ఇక నా వల్ల కాలేదు.

మర్నాడు కొబ్బరి షెడ్డుకు వెళ్లాను. మావ భార్య చిప్పల్లోంచి ఎండు కొబ్బరి కత్తితో తీస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. అత్త ఏడవలేదు.

"ఆ మాట నువ్వు ఇన్నావా?"

"ఇన్నానత్తా."

"మరి ఇన్నాళ్లూ ఏటి సేసినావే, గుంటా?"

అత్త ఇంకో రెండు చిప్పలు ఒలిచింది. తర్వాత కత్తి కింద పెట్టి, "ఆణ్ని పాడనియ్యి. ఎవులూ ఆపొద్దు. వంతకి మాత్రం ఒక్కలు నోరిప్పకూడదు. నువ్వు కూడాని" అంది.

రెండు రోజుల్లో ఆ మాట లైన్లన్నిటికీ పాకింది. కోడి గుడ్డు పెడితే పది ఇళ్లకు తెలిసే ఎస్టేటు అది. అయినా మా నాన్న చెవిన ఎవరూ వెయ్యలేదు. ఆయనే నన్ను పిలిచి, "ఆడోళ్ల పక్కన కూకుని నువ్వు వంత ఎత్తుకోవే, నీది మంచి గొంతు" అన్నాడు. "అలగే నాన" అన్నాను. ఆ రోజు వేసుకునే చొక్కా కూడా నేనే ఇస్త్రీ చేసి పెట్టాను. కాలరు మీద ఒక్క ముడత మిగలనివ్వలేదు.

మెర్డేకా సాయంత్రం పాడాంగు నిండా రంగు కాగితాలు, కొత్త జెండా, పిల్లలకు రంగు షర్బత్తు. దొర ముందు కుర్చీలో కూర్చున్నాడు. నాన్న హార్మోనియం ముందు పెట్టుకుని పల్లవి ఎత్తుకున్నాడు. "కొలిసి సూసినారు" దగ్గర మా కోసం ఆపాడు. ఎవరూ అందుకోలేదు. జెండా తాడు కర్రకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. మేము దారి తప్పామనుకుని మళ్లీ పాడాడు. మళ్లీ ఆపాడు. నా వైపు చూశాడు. నేను కళ్లు దించలేదు, పెదవులు బిగించి తిన్నగా ఆయన మొహంలోకే చూశాను. అప్పుడు అర్థమైంది ఆయనకు. మొహాన నెత్తురు చుక్క లేదు.

లేచి పోతాడనుకున్నాను. పోలేదు. తొమ్మిది చరణాలూ పాడాడు. ప్రతి చరణానికీ వంత దగ్గర ఆగాడు, వంత ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఖాళీగా వదిలి, తర్వాతి చరణం ఎత్తుకున్నాడు. ఎలా పాడాడనుకున్నారు! మావ దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే పడింది. కాలు కదలకుండా నేను రెండు మోకాళ్లూ చేతులతో గట్టిగా పట్టుకు కూర్చున్నాను. పాటలో మాటలు నా చెవికి ఎక్కలేదు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి ఎలా అంటుకుపోతోందో అదే చూస్తున్నాను. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని లోలోపల గంతులేస్తున్నాను. పాట అయ్యాక దొర ఒక్కడే చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి చేతులు దించుకున్నాడు. అత్త లేచి కొంగు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మూడు నెలల్లో నాన్న కౌలాలంపూరులో ఒక ఆఫీసులో పని చూసుకుని మమ్మల్ని తీసుకెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన పాడగా నేను వినలేదు. స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడు ఒక్కటే వచ్చేది. ఆ రోజు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆయన మాతోనే ఉండేవాడు. ఆయనతో మాట్లాడేది అన్నానికి రమ్మని, మందు వేసుకోమని.

చివరికి మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచి, "కాయితం తే. ఆడి పాటలు నాతో పోకూడదు. సెప్తాను, రాసుకో" అన్నాడు. కాగితం తెచ్చాను, పెన్ను మూత తీశాను.

"ముందు ఆ రోజు ఆఫీసరుకి ఏటి సెప్పినావో సెప్పు నాన. ఇంగ్లీషులోనే సెప్పు. తరవాత రాస్తాను."

కళ్లు మూసుకున్నాడు. చచ్చినా చెప్పడనుకున్నాను. చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా, చివర "సర్"తో సహా చెప్పాడు. కన్నీళ్లు కణతల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి. "రాసుకోయే మరి. మొదటి సరణం..." అన్నాడు. నేను పెన్నుకు మూత పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండుసార్లు పిలిచాడు. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా పొయ్యి దగ్గరే నిలబడ్డాను. మర్నాడు కూడా చెయ్యెత్తి రాస్తున్నట్టు సైగ చేశాడు. నేను దుప్పటి సర్ది వచ్చేశాను. ఆరో రోజున పోయాడు.

ఆ ఏడు మావ పోయిన రోజుకు ఎస్టేటుకు వెళ్లాను. అత్తకు అప్పటికి చూపు మందగించింది. నా చెయ్యి తడిమి పట్టుకుని, "మీ నాన పోయినాడంట కదే. పోయే ముందర ఆ సరణాలేమన్నా సెప్పినాడా? మా మనవడు పాడతన్నాడే, గొంతు అచ్చం ఆల తాతదే. గంజి పాట ఒక్కటైనా ఆడికి నేర్పాలని ఉంది" అంది. ఆ కుర్రాడు గోడ దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"నేదత్తా. నానే అడిగినాను. సెప్పనన్నాడు" అన్నాను.

"దొంగ సచ్చినోడు! మడిసిని తినీసినాడు, పాటనీ తినీసినాడు!" అని అత్త ఉమ్మింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా మొదలుపెట్టారు, తలా ఒక తిట్టు.

"అవునత్తా" అన్నాను.