మెక్రే తాత ఆఖరి మ్యాచ్ బూట్లు

2001 చలికాలంలో ఐర్లండులో స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో కేర్ అటెండెంటుగా చేరాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. నాది వానాకాలం చదువే గాని, ముసలివాళ్ళకు స్నానం చేయించడం, వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలబెట్టడం త్వరగానే పట్టుబడ్డాయి.

మొదట అప్పగించింది మెక్రే తాతను. తొంభై మూడేళ్ళు. స్కాట్లాండు బొగ్గుగనిలోంచి పైకొచ్చి, ఫుట్‌బాల్ ఆటే ఉద్యోగంగా బతికిన పాతకాలపు మనిషి. ఆట మానేశాక కుర్రాళ్ళకు తర్ఫీదివ్వడానికి ఐర్లండు వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. నాకిదంతా చెప్పింది మా సీనియర్ నర్సు, గుంటూరు పిల్ల విమల. నెల కిందట జారిపడ్డ దగ్గర్నుంచీ తాత నిలబడడమే మానేశాడు. శుక్రవారం ఫిజియో చూసినప్పుడు కూడా లేవకపోతే ఇక ఎప్పటికీ హాయిస్టే. అంటే మనిషిని జోలెలో వేసి ఎత్తే యంత్రం.

బుధవారం గది ఊడుస్తున్నాను. ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే బీరువా మీద, పోయిన భార్య ఫొటో పక్కనే, ముతక తోలు బూట్లు! ఎవరో మరిచారనుకుని తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టాను.

తిరిగి చూస్తే తాత మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, గొంతు ఉరుముతోంది. నడుముకు బెల్టు లేకుండా, ఇద్దరు మనుషులు లేకుండా లేపకూడదని నియమం. పడితే తుంటి విరుగుతుంది. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో గంట నొక్కాను.

విమల పరుగెత్తుకొచ్చింది. "ఏం చేశావు పిన్నీ?"

"బూట్లు గుమ్మం బయట పెట్టానమ్మా. ఫొటో పక్కన చెప్పులు పెడతారా ఎవరైనా?"

"అవి ఆయన ఆఖరి మ్యాచ్ బూట్లు! నెల్రోజులుగా ఫిజియో వల్ల కానిది నీ చీపురుతో అయిందా!"

బూట్లు చేతికిచ్చాకే తాత కూర్చున్నాడు. ఆయన మాటలు విమల తెలుగులో చెప్పింది. ఆ రోజుల్లో దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ణి దించే పద్ధతి లేదు. ఆ ఆఖరి మ్యాచ్‌లో మోకాలు తిరిగిపోతే, మైదానం వదలకుండా గీత పక్కన గంటసేపు ఒంటికాలి మీద నిలబడ్డాడట. "నేనక్కడుంటే అవతలివాళ్ళు నాకో మనిషిని కాపలా పెట్టాలి కదా" అన్నాడు. అంతటివాణ్ణి నేను జోలెలో ఎత్తాల్సిన బరువనుకున్నాను.

బూట్లు తీసింది నేనేనని రిపోర్టులో రాయించాను. మందలింపు పడింది, న్యాయమే. శుక్రవారం ఆ బూట్లు ఎదురుగా పెట్టి, బెల్టు కట్టి, నేనూ విమలా చెరోపక్క నిలుచుంటే తాత ఫిజియో ముందు లేచాడు. హాయిస్టు తప్పింది.

పని మానేసేదాకా కొత్తవాళ్ళకు ఒకటే చెప్పేదాన్ని: మనిషి లేవలేడని షీటులో రాసేముందు, దేనికోసం లేస్తాడో అడగండి.