దోరగా వేయించిన కానుగ గింజలు

అల్లూరు దాటి సముద్రం వైపు పోయే కాలవ గట్టున దరియావలి ఏడు కానుగ మొక్కలు నాటాడు. గానుగ తిప్పి బతికే మనిషి, కాయల కోసం ఊరూరా తిరగలేక నాటుకున్నాడు. పక్క పొలాలు రొయ్యల గుంటలయ్యాక ఉప్పునీరు ఊరి, ఆరు చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఏడోది మాత్రం మొండికేసి పచ్చగా నిలబడింది. దరియావలి పోయాక అతని భార్య ఖుర్షీదాకు మిగిలినవి ఆ చెట్టూ, తన నోటి దురుసూ. కింద కూర్చుని కాయలు కొడుతూ, మొగుడితో పోట్లాడినట్టే చెట్టుతో పోట్లాడేది.

ఒక చలికాలం విజయభాస్కర్ అనే పరిశోధకుడు వచ్చి దాని ఆకులు కోసి ఐసుపెట్టెలో పెట్టుకున్నాడు.

"ఏంది సారూ, కాయలొదిలి ఆకులు కోస్తుండారు? ఆకు పిండితే నూనె రాదే!" అంది ఖుర్షీదా.

అతను నవ్వాడు. "నూనెకు కాదమ్మా. ఉప్పు తగిలితే చెట్టులో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. మన ఇళ్లలాగే వాటికీ కుటుంబాలున్నాయి. ఒక కుటుంబం వేరు దగ్గరే ఉప్పును ఆపుతుంది, ఇంకోటి ఆకులో తడి నిలుపుతుంది. మీ చెట్టులో అవి గట్టివి. ఈసారి గింజలు నాకోసం దాచండి, ఒక్కటీ పాడు కానీయొద్దు. వానలకు ముందొస్తా."

ఎందుకో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమెకు తెలిసి గింజంటే నూనే. మొగుడి చెట్టు అంత గొప్పదని విని, చాలా ఏళ్ల తర్వాత ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఎండలు ముదిరాక కాయలన్నీ ఏరి, కొట్టి, పుచ్చులు తీసేసి డబ్బాలో పోసింది. ఆ వారమే గుంటల ఆసామి గట్టు వెడల్పు చేయించాడు. జేసీబీ చెట్టును వేళ్లతో సహా పెకలించింది. ఖుర్షీదా ఆ గోతిలో కూలబడి గొంతు పోయేదాకా ఏడ్చింది. ఇక మిగిలింది డబ్బాడు గింజలే. వాటికి పురుగు పట్టకూడదు. దరియావలి నేర్పినట్టే ఇనప బాణలిలో ఇసక పోసి, సన్నటి సెగ మీద దోరగా వేయించి, చల్లార్చి మూత బిగించింది.

తొలకరికి ముందు విజయభాస్కర్ వచ్చాడు. గోతి చుట్టూ తిరిగి చూసి ఆమె ఇంటికి నడిచాడు. ఆమె గబగబా డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. మూత తీయగానే వేపుడు వాసన కొట్టింది.

"వేయించారా అమ్మా?"

"పురుగు పట్టకుండా. ఏం సారూ?"

"వీటితో మొక్కలు మొలిపిద్దామనుకున్నాను," అన్నాడు మెల్లగా.

వేయించిన గింజ మొలవదని ఆమెకెవరూ చెప్పనక్కర్లేదు. అరుగు మీద కూర్చుంది.

"ఆకులు తీసుకుపోయినారు గదా. ఆ కుటుంబాలు అందులో ఉండాయి గదా?"

"ఉన్నాయమ్మా. అన్నీ రాసిపెట్టుకున్నాం. కానీ ఆ రాతలోంచి మళ్లీ ఈ చెట్టు రాదు."

ఖుర్షీదా డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి అతనికి చూపించింది.

"ఒక్కటీ మాడకుండా వేయించినా అబ్బయా," అంది.